డి డ్రైవ్‌లో పెడితే బ్యాకప్ అయినట్టు కాదు

కంప్యూటర్ సర్వీసు షాపులో సిస్టమ్ బల్ల మీద పెట్టి "కొత్త విండోస్ వెయ్యాలి" అనగానే వచ్చే మొదటి ప్రశ్న, "సీలో ఏమైనా ఉందా సార్?" దానికి జవాబు కూడా అందరి నోటా దాదాపు ఒకటే: "ఏం లేదు, అన్నీ డీలో పెట్టేశాను." అంతటితో బ్యాకప్ సంగతి అయిపోయిందనుకుంటారు. సిస్టమ్ అక్కడే వదిలేసి, సాయంత్రం వస్తామని వెళ్లిపోతారు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వైరస్ వచ్చినా, సిస్టమ్ స్లో అయినా మందు ఒకటే, ఫార్మాట్ కొట్టడం. సీ డ్రైవ్ మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ వేసేవారు, డీ జోలికి వెళ్లేవారు కాదు. అసెంబుల్ చేసిన సిస్టమ్‌లో హార్డ్ డిస్క్‌ను మూడు నాలుగు ముక్కలు చేసి ఇవ్వడం వెనుక ఉద్దేశం కూడా అదే. సాఫ్ట్‌వేర్లు సీలో, పని డీలో, పాటలూ సినిమాలూ ఈలో. ఆ పద్ధతి చాలామంది ఫైళ్లను చాలాసార్లు కాపాడింది, కాదనలేం. అయితే అది కాపాడింది ఒకే ఒక్క ప్రమాదం నుంచి, సీ డ్రైవ్ తుడిచేయడం నుంచి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేటప్పుడు ఇప్పుడు ఎదురయ్యే ప్రమాదాల్లో అది ఒకటి మాత్రమే.

ఈ విషయం ఇప్పుడే గట్టిగా మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇళ్లలో వాడుకునేవారు విడిగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ తర్వాతైనా మారాల్సిందే. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి కాబట్టి, కొందరికి ఉన్న సిస్టమ్ మీదే అప్‌గ్రేడ్ అవుతుంది, కొందరు కొత్త ల్యాప్‌టాప్ కొనాలి, కొందరు పాత మెషిన్‌లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటారు. దారి ఏదైనా ఏళ్ల తరబడి కదపని ఫైళ్లను ఇప్పుడు కదపక తప్పదు.

డీలో పెట్టాం కదా అన్న ధీమా ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకోవాలంటే 2018లో జరిగిన ఒక ఘటన చూడాలి. ఆ ఏడాది అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో 1809 అనే వెర్షన్ విడుదల చేసింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్ ఉందేమో చూసుకున్నవాళ్లకు ముందుగా వచ్చింది. రెండు మూడు రోజుల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. అప్‌గ్రేడ్ సజావుగా అయిపోయింది, సిస్టమ్ బాగానే ఆన్ అవుతోంది, కానీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండాల్సినవి లేవు. కొందరికి ఫొటోలు లేవు. ఆ వారం తిరక్కుండానే కంపెనీ విడుదల నిలిపేసింది. సరిచేసి మళ్లీ ఇచ్చింది నవంబర్ 13న.

ఏం జరిగిందో మైక్రోసాఫ్టే తర్వాత వివరించింది. విండోస్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటి ఫోల్డర్లను వేరే చోటికి మళ్లించే వీలుంది. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్‌కు వెళ్లి, అక్కడ సీ బదులు డీ డ్రైవ్‌లోని ఫోల్డర్ చూపిస్తే చాలు. అప్పుడు ఒక చిన్న పెట్టె తెరుచుకుని, పాత చోట ఉన్న ఫైళ్లను కూడా కొత్త చోటికి మార్చాలా అని అడుగుతుంది. ఎస్ నొక్కితే అన్నీ వెళ్తాయి. నో నొక్కితే ఇకపై సేవ్ చేసేవి డీకి వెళ్తాయి, అప్పటిదాకా ఉన్నవి సీలోనే ఉండిపోతాయి. అంతకు ముందు వెర్షన్‌లో ఇలా మళ్లించినవారికి ఖాళీ ఫోల్డర్లు రెండేసి కనబడుతున్నాయని ఫిర్యాదులు రావడంతో, ఆ ఖాళీ నకళ్లను తీసేయడానికి 1809లో కొత్త కోడ్ రాశారు. ఆ కోడ్ ఖాళీ ఫోల్డర్లతో పాటు, ఫైళ్లు మిగిలి ఉన్న పాత ఫోల్డర్లను కూడా తీసేసింది. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌కు మళ్లించినవారిలోనూ కొందరికి ఇదే గతి పట్టింది.

అంటే దెబ్బ తగిలిన వాళ్లలో ఎక్కువ జాగ్రత్తపరులే ఉన్నారన్నమాట. ఏదీ పట్టించుకోకుండా అన్నీ డాక్యుమెంట్స్‌లో పడేసినవాళ్లకు ఏమీ కాలేదు. సీలో ఉంటే ప్రమాదమని ఫోల్డర్‌ను డీకి మళ్లించినవాళ్ల ఫైళ్లు పోయాయి. నష్టపోయినవారి సంఖ్య ఇన్‌స్టాల్ చేసుకున్న వారిలో పది వేలకు ఒకటి అని కంపెనీ లెక్క చెప్పింది. అది చిన్న సంఖ్యే. అయినా పిల్లల ఫొటోలు పోయిన ఇంట్లో ఆ లెక్క ఎవరికీ ఊరట కాదు. విడుదలకు ముందే పరీక్షకుల్లో కొందరు ఈ సమస్యను రిపోర్ట్ చేశారు. తక్కువమంది చెప్పడంతో అది వేలాది ఇతర సూచనల మధ్య పట్టించుకోకుండా మిగిలిపోయింది. ఆ తర్వాతే ఫీడ్‌బ్యాక్ పంపేచోట సమస్య ఎంత తీవ్రమో చెప్పే వీలు పెట్టారు. కోట్ల సిస్టమ్‌ల మీద నడిచే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిది మళ్లీ జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే అప్‌గ్రేడ్ ముందు బ్యాకప్ అంటే సిస్టమ్ లోపల చోటు మార్చడం కాకుండా, సిస్టమ్ బయట ఇంకో కాపీ ఉంచడం కావాలి.

అసలు సీ, డీ అనేవి రెండు వేర్వేరు డబ్బాలు కావు. చాలా ల్యాప్‌టాపుల్లో ఉండేది ఒకటే ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ బదులు వాడే చిప్‌ల డిస్క్. దాని మీద గీత గీసి, ఈ పక్క సీ, ఆ పక్క డీ అంటున్నాం. ఎస్‌ఎస్‌డీ పోయిందంటే రెండూ కలిసే పోతాయి. ఒకే గదిలో సుద్దముక్కతో గీత గీసి రెండు గదులు అనుకోవడం లాంటిది ఇది. నిప్పు అంటుకుంటే గీత ఆపదు.

క్లీన్ ఇన్‌స్టాల్, అంటే పాతది తుడిచి కొత్తగా విండోస్ వేయడం, చేసేటప్పుడు వచ్చే స్క్రీన్‌ను ఒకసారి దగ్గరగా చూస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాక విండోస్ ఎక్కడ వెయ్యాలో అడిగే స్క్రీన్‌లో సీ, డీ అన్న అక్షరాలు కనబడవు. 'డ్రైవ్ 0 పార్టిషన్ 1', 'డ్రైవ్ 0 పార్టిషన్ 2' అంటూ ఒక వరస ఉంటుంది. అందులో వంద ఎంబీదొకటి, పదహారు ఎంబీదొకటి, రికవరీ అని ఒకటి, వాటి మధ్యలో అసలైనవి. 512 జీబీ అని కొన్న ఎస్‌ఎస్‌డీ అక్కడ మొత్తం 477 జీబీ దగ్గర చూపిస్తుంది. దాన్ని షాపువాళ్లు సగం సగం చేసి ఉంటే, దాదాపు ఒకే సైజులో రెండు పార్టిషన్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. డిలీట్, ఫార్మాట్ బటన్లు కిందే ఉంటాయి. రోజుకు పది సిస్టమ్‌లు చేసే కుర్రాడు, పక్కన ఇంకో కస్టమర్ ఫోన్ చేస్తుండగా, ఆ రెండిట్లో ఏది సీయో సైజు చూసి ఊహించాలి. పార్టిషన్‌కు ముందే ఒక పేరు పెట్టి ఉంటే సాధారణంగా ఆ పేరు పక్కన కనిపిస్తుంది. అందుకే సిస్టమ్ ఇచ్చే ముందు మై కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌కు ఇంగ్లిష్ అక్షరాల్లో గుర్తుపట్టే పేరు పెట్టడం మంచిది. దానికి అర నిమిషం చాలు.

పాత హార్డ్ డిస్క్‌ల కాలంలో పొరపాటున ఫార్మాట్ కొట్టినా కొంత ఆశ ఉండేది. క్విక్ ఫార్మాట్‌లో విషయసూచిక మాత్రమే చెరిగిపోయేది, అసలు డేటా డిస్క్ మీద అలాగే ఉండేది. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి చాలావరకు వెనక్కి తెచ్చేవారు. ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫైల్ డిలీట్ చేసినా, పార్టిషన్ ఫార్మాట్ చేసినా ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెబుతుంది, ఎస్‌ఎస్‌డీ దాన్ని లోపల నిజంగానే శుభ్రం చేసుకుంటుంది. అలా పోయినదాన్ని తేవడం చాలా సందర్భాల్లో ఎవరి వల్లా కాదు. "పోతే రికవరీ చేయించుకోవచ్చులే" అన్న పాత ధైర్యం ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్ దగ్గర పనికిరాదు.

ఇంకో పెద్ద మార్పు చాలామందికి తెలియకుండానే వచ్చింది, ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు డిస్క్‌కు తాళం వేయడం. కొత్త ల్యాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ సిస్టమ్‌లకు వర్తిస్తోంది. ఇది దొంగతనం నుంచి రక్షణ, మంచిదే. కానీ సీ డ్రైవ్ తుడిచి కొత్తగా విండోస్ వేస్తే, డీని తెరిచే తాళంచెవి కూడా ఆ పాత విండోస్‌తోనే పోతుంది. డీ డ్రైవ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, ఐకాన్ మీద తాళం బొమ్మ ఉంటుంది. క్లిక్ చేస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే లోపల ఉన్నది ఎవరూ చదవలేరు, మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు.

ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఎవరి అకౌంట్‌లో అన్నదే ఇక్కడ ప్రశ్న. మన ఇళ్లలో ల్యాప్‌టాప్ నాన్నగారిది, మొదటిసారి సెట్ చేసింది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండే కొడుకో కూతురో, వాడింది వాళ్ల మెయిల్ ఐడీ. లేదంటే షాపులో ఎవరో అప్పటికప్పుడు ఒక మెయిల్ ఐడీ తయారు చేసి పని కానిచ్చారు. అప్‌గ్రేడ్ ముందు సెట్టింగ్స్‌లో, విండోస్ 10 అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద, విండోస్ 11 అయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద, డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఆన్‌లో ఉంటే ఆ అకౌంట్‌లోకి వెళ్లి, కీని కాగితం మీద రాసుకోవాలి. ఒకే అకౌంట్‌లో రెండు మూడు కీలు ఉండొచ్చు. ప్రతి కీకి ఒక ఐడీ ఉంటుంది కాబట్టి, ఏ కీ ఏ డ్రైవ్‌దో ఐడీతో సహా రాసుకోవాలి. ఆ కాగితాన్ని ఫొటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే ఉపయోగం లేదు. విండోస్ 11 కోసం బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లి టీపీఎం, సెక్యూర్ బూట్ సెట్టింగులు మార్చినప్పుడు కూడా ఈ కీ అడిగే నీలం స్క్రీన్ రావచ్చు. అప్పుడు కలిగే టెన్షన్ మాటల్లో చెప్పలేం.

ఇక ఏం కాపీ చేసుకోవాలన్న దగ్గర కూడా సీ, డీ లెక్క మోసం చేస్తుంది. "సీలో ఏమీ లేదు" అనే మాట దాదాపు ఎప్పుడూ నిజం కాదు. వేరే చోటికి మళ్లించకపోతే డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన ఫైళ్లు సీ డ్రైవ్‌లోవే. డౌన్‌లోడ్స్ కూడా అంతే. బ్రౌజర్ బుక్‌మార్కులు, దానిలో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, స్టిక్కీ నోట్స్‌లో రాసుకున్న ఫోన్ నంబర్లు, అవుట్‌లుక్ మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైల్, ఇవన్నీ మామూలుగా సీలోనే ఉంటాయి, కొన్ని కంటికి కనబడని ఫోల్డర్లలో.

అకౌంట్లు రాసే చోట టాలీ సంగతి ముందు చూడాలి. టాలీ డేటా మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద పబ్లిక్ అనే ఫోల్డర్ లోపల, అంకెల పేర్లున్న ఫోల్డర్లలో చేరుతుంది. యజమాని పేరుతో ఉన్న యూజర్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసినా ఇది రాదు, ఎందుకంటే పబ్లిక్ దాని పక్కన ఉండే వేరే ఫోల్డర్. టాలీ తెరిచి కంపెనీ ఎంచుకునే చోట డేటా పాత్ కనబడుతుంది. అది చూసి రాసుకోవాలి. టాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో ఒక కాపీ తీసి, ఆ డేటా ఫోల్డర్‌ను కూడా విడిగా కాపీ చేసుకుంటే మనశ్శాంతి. మూడేళ్ల క్రితం నాటి ఖాతాలు జీఎస్టీ నోటీసు వచ్చిన రోజున కావాల్సి వస్తాయి.

డీటీపీ సెంటర్ల కష్టం ఇంకో రకం. మన దగ్గర శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు ఎన్నో ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో, అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో తయారయ్యాయి. వీటిలో చాలావరకు ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన చోట్లలోనే తెలుగు అక్షరం ముక్కలు కూర్చి పెట్టినవి. ఫైల్ భద్రంగా డీలో ఉంటుంది, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది కూడా. కానీ ఫాంట్ సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌తో పాటు తుడిచిపెట్టుకుపోయింది కాబట్టి, "చి.ల.సౌ." ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వరసగా కనబడతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో, పార్టీ వచ్చి ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు ఇది జరిగితే ఎంత అవస్థో ఆ పనిలో ఉన్నవారికే తెలుసు. అందుకని ఈ సెంటర్లలో బ్యాకప్ అంటే జాబ్ ఫైళ్లు మాత్రమే కాదు. ఫాంట్స్ ఫోల్డర్, కీబోర్డ్ లేఅవుట్ నడిపే సాఫ్ట్‌వేర్ సెటప్, దాని లైసెన్స్ లేదా హార్డ్‌వేర్ లాక్ వివరాలు, ప్రింటర్ డ్రైవర్లు, ఇవన్నీ కలిపితేనే పని మళ్లీ మొదలవుతుంది. అయిపోయిన జాబులను ఫాంట్లు లోపల ఇమిడి ఉండేలా పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే, రేపు ఏ సిస్టమ్‌లోనైనా కనీసం చదవడానికీ ప్రింట్ తీయడానికీ పనికొస్తాయి.

ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుని తీయడం కష్టమనుకుంటే డిస్క్ ఇమేజ్ అనే పద్ధతి ఉంది. ఫైళ్లను విడివిడిగా కాకుండా, విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, సెట్టింగులతో సహా డ్రైవ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక పెద్ద ఫైల్‌గా దాచడం. అప్‌గ్రేడ్ బెడిసికొడితే నిన్న సాయంత్రం ఎలా ఉందో అలాగే సిస్టమ్‌ను నిలబెట్టవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 కాలం నాటి బ్యాకప్ అండ్ రిస్టోర్‌లో సిస్టమ్ ఇమేజ్ తీసే ఏర్పాటు ఉంది. క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఈ పని చేస్తాయి. పని ఆగితే రోజు గడవని చోట్ల ఇమేజ్ తీయకుండా అప్‌గ్రేడ్‌కు దిగడం సాహసమే. అయితే ఇమేజ్ ఒక్కటే పెట్టుకుని ఊరుకోకూడదు. ఆ ఒక్క ఫైల్ పాడైతే అన్నీ పోతాయి కాబట్టి, ముఖ్యమైనవి మామూలు ఫైళ్లుగా కూడా పక్కన ఉండాలి.

మ్యాక్ వాడేవారికి ఈ పని తేలిక. 2007 నుంచి మ్యాక్‌లో టైమ్ మెషిన్ అనే బ్యాకప్ ఏర్పాటు ఉంది, ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఆన్ చేస్తే చాలు. ఉబుంటు లాంటి లినక్స్‌లలో వాడే టైమ్‌షిఫ్ట్ మాత్రం సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది, హోమ్ ఫోల్డర్‌లోని సొంత ఫైళ్లను మామూలుగా వదిలేస్తుంది. అది తీసిన కాపీ (స్నాప్‌షాట్) ఉంది కదా అని ధీమాగా ఉంటే ఇక్కడా దెబ్బ తగులుతుంది.

"గూగుల్‌లో ఉన్నాయి, వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి" అనే జవాబు ఇప్పుడు డీ డ్రైవ్ జవాబు పక్కన చేరింది. క్లౌడ్‌లో కాపీ ఉండటం మేలే, ఇల్లు కాలినా వరద వచ్చినా అది ఉంటుంది. కానీ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, గూగుల్‌లో 15 జీబీ, అదీ మెయిల్, ఫొటోలు అన్నీ కలిపి. చోటు నిండిపోయాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లడం ఆగిపోతుంది. ఆ హెచ్చరిక మూలన చిన్న గుర్తుగా వస్తే ఎవరూ చూడరు. పైగా ఇవి చేసేది ప్రధానంగా సింక్. ఇక్కడ డిలీట్ అయితే అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ పాడైతే పాడైనదే అక్కడికీ వెళ్తుంది. వ్యక్తిగత అకౌంట్లలో చెత్తబుట్ట నుంచి వెనక్కి తెచ్చుకోవడానికి ఉండే గడువు సాధారణంగా 30 రోజులు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. చోటు ఆదా చేయడానికి వన్‌డ్రైవ్ కొన్ని ఫైళ్ల పేర్లు మాత్రమే సిస్టమ్‌లో చూపిస్తూ, అసలు ఫైల్‌ను క్లౌడ్‌లోనే ఉంచుతుంది. పేరు పక్కన చిన్న మబ్బు గుర్తు ఉందంటే ఆ ఫైల్ ఇక్కడ లేదని అర్థం. నెట్ లేకుండా అలాంటివాటిని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయడం కుదరదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ డివైస్‌లోనే ఉంచు అనే ఆప్షన్ ఎంచుకుని, మబ్బు గుర్తులన్నీ పచ్చ టిక్కులుగా మారాక కాపీ మొదలుపెట్టాలి.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ఫొటోల భద్రత కోసం చెప్పిన 3-2-1 లెక్క ఈ రంగంలో అందరూ వాడేదే. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఆ ఇంటికీ ఆఫీసుకూ బయట. సిస్టమ్‌లో ఉన్నది ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో అన్నయ్య ఇంట్లోనో ఒకటి. సీలోదాన్ని డీలో కూడా పెట్టుకుంటే కాపీలు రెండైనా, డిస్క్ ఒకటే, ఇల్లూ ఒకటే. ఈ లెక్క ప్రకారం అది ఒక కాపీ కిందే లెక్క.

కాపీ చేయడం దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవే, కానీ ప్రాణం తీస్తాయి. పాత పెన్‌డ్రైవ్‌లు, కొన్ని హార్డ్ డిస్క్‌లు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటాయి. వాటిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ కూడా పట్టదు, డిస్క్‌లో వంద జీబీ ఖాళీ ఉన్నా సరే. పెళ్లి వీడియో, పీఎస్‌టీ ఫైల్, డిస్క్ ఇమేజ్ ఇక్కడే ఆగిపోతాయి. డిస్క్‌ను ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో మార్చుకోవాలి, మార్చే ముందు అందులో ఏమైనా ఉంటే తీసి పెట్టుకోవాలి. రెండోది స్కిప్ బటన్. వేల ఫైళ్లు కాపీ అవుతుండగా ఒక ఫైల్ వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉందనో, పేరు మరీ పొడవుగా ఉందనో విండోస్ ఆగి అడుగుతుంది. భోజనానికి లేచే తొందరలో స్కిప్ నొక్కేస్తారు. అవుట్‌లుక్ తెరిచి ఉంచి కాపీ చేస్తే అలా ఎగిరిపోయేది పదేళ్ల మెయిల్ మొత్తం ఉన్న పీఎస్‌టీ ఫైలే. కాపీకి ముందు అన్ని ప్రోగ్రాములూ మూసేయాలి. అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిపోయాయో చూడాలి.

సంఖ్య సరిపోయినా పని సగమే అయింది. ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడాలి. బాగా పాతదొకటి, నిన్నటిదొకటి, పెద్ద వీడియో ఒకటి, టాలీ బ్యాకప్ ఒకటి. పెద్ద కంపెనీలే ఇక్కడ తప్పటడుగు వేశాయి. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోని డేటాబేస్‌ను డిలీట్ చేశారు. దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌ల కోసం చూస్తే రోజూ క్లౌడ్‌లోకి వెళ్లాల్సిన ఫోల్డర్ ఖాళీగా ఉంది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో నడుస్తుంటే, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్‌దే నడుస్తూ ప్రతిసారీ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా చేరడం లేదు. పెట్టుకున్న ఐదు ఏర్పాట్లలో ఏదీ ఆ రోజు సరిగ్గా పనికి రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు తీసి ఉంచిన కాపీ ఒకటి దొరకబట్టి గట్టెక్కారు, ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం తిరిగి రాలేదు. ఆ సంస్థ దాచుకోకుండా ఇదంతా బయటపెట్టింది కాబట్టే అందరికీ తెలిసింది. ఇంట్లో ఉన్న ఒక్క ఎక్స్‌టర్నల్ డిస్క్ తెరిచి చూడటానికి పది నిమిషాలు చాలు.

అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను సిస్టమ్ నుంచి పీకేయాలి. తగిలించే ఉంచితే పార్టిషన్ల వరసలో అదీ చేరుతుంది, బ్యాకప్ తీసిన డిస్క్‌నే ఫార్మాట్ చేసే ప్రమాదం ఉంటుంది. సిస్టమ్‌ను షాపుకు ఇస్తున్నా డిస్క్ ఇంట్లోనే ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్ పెట్టి ఉంచాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ నిలబడుతోందో లేదో చూసుకోవాలి. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు విండోస్ తనంతట తాను పాత స్థితికి వెళ్తుంది, కానీ ఎప్పుడూ వెళ్తుందని చెప్పలేం. సెటప్ ఏం ఉంచాలని అడిగినప్పుడు ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచే ఆప్షన్ ఎంచుకున్నారో లేదో ఒకటికి రెండుసార్లు చదవాలి. అదే వరసలో 'నథింగ్' అనేది కూడా ఉంటుంది.

అయిపోయాక ఏదైనా ఫైల్ కనబడకపోతే మొదట చేయాల్సింది ఆగడం. 1809 బాధితులకు మైక్రోసాఫ్ట్ చెప్పింది కూడా అదే, ఆ సిస్టమ్‌ను వీలైనంత తక్కువ వాడమని. రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చి అదే డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేస్తే మిగిలిన ఆశ కూడా దాని కింద పడి చెరిగిపోతుంది. ముందు సీ డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందేమో చూడాలి. అప్‌గ్రేడ్ చేసినప్పుడు, లేదా సీని ఫార్మాట్ చేయకుండా దాని మీదే కొత్త విండోస్ వేసినప్పుడు పాత విండోస్ అందులోకి చేరుతుంది. దాని లోపల యూజర్స్‌లోకి వెళ్తే పాత డెస్క్‌టాప్ దొరకవచ్చు.

అప్‌గ్రేడ్ తర్వాత పాత విండోస్‌కు వెనక్కి వెళ్లడానికి ఉండే గడువు మామూలుగా పది రోజులు. ఆ తర్వాత విండోస్.ఓల్డ్ దానంతట అదే పోతుంది. డిస్క్ క్లీనప్ నడిపితే అంతకు ముందే పోవచ్చు. రోజూ వాడే ఫైళ్లు ఆ పది రోజుల్లో ఎలాగూ తెరుస్తాం. కానీ ఐటీ రిటర్నుల ఫోల్డర్ జులైలో తెరుస్తాం, ఇంటి పన్ను రసీదులు ఏడాదికోసారి, పాప బారసాల ఫొటోలు ఏ పండక్కో చుట్టాలు వచ్చినప్పుడు. అందుకే అప్‌గ్రేడ్ అయిన వారానికే చోటు కోసం ఆ ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఖాళీ చేయకూడదు. అందులో ఉన్న ఫోల్డర్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, కొత్త సిస్టమ్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూసినప్పుడు దాని పక్కన టిక్కు పెట్టుకుంటూ పోవాలి. చివరి టిక్కు పడేదాకా డిస్క్ బీరువాలోనే ఉండనివ్వాలి.